పర్లాకిమిడి ఇటుక డైరీ: ఆవం నుంచి గానుగ దాకా

నవంబరు 6

వానలు వెనకపట్టాయి. మహేంద్రతనయ ఒడ్డున మా ఇటుకల తావులో మట్టి ఇంకా బురదగానే ఉంది, అచ్చులు వెయ్యాలంటే మరో పది రోజులు ఆగాలి. ఖాళీగా కూచోకుండా పోయినేడాది చివరి ఆవం (పచ్చి ఇటుకల్ని కర్ర, బొగ్గుతో కలిపి దొంతిపెట్టి కాల్చే బట్టీ) చిట్టీలన్నీ ముందేసుకున్నాను. అటక మీద డబ్బాలో ధర్మకాటా చిట్టీలు దొరికాయి: బొగ్గు 10 టన్నులు, సరుగుడు, జీడి కర్ర కలిపి 6 టన్నులు, ఊక 3 టన్నులు. పేర్చింది 40 వేల ఇటుక. అమ్మడానికి పనికొచ్చింది 36 వేలు. మిగతా నాలుగు వేలూ అంచుల్లో సగం కాలినవీ, నడుమ మరీ కాలి కరిగి అతుక్కుపోయినవీ.

ఇన్నాళ్ళూ వెయ్యి ఇటుకకి ఎంత ఖర్చు అని లెక్క చూశాం గానీ, ఎంత పొగ అని ఎప్పుడూ చూడలేదు. మన బొగ్గు కిలో కాలిస్తే దాదాపు 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే బొగ్గు నుంచే 16 టన్నులు. కర్ర నుంచి మరో 10. ఊకని లెక్కలో వేసుకోలేదు, వచ్చే ఏడు పండే వరి దాన్ని మళ్ళీ పీల్చుకుంటుంది. కర్రకీ అదే మాట వర్తిస్తుందని మా బావ వాదించాడు. కొట్టిన చెట్టు చోట ఎవరైనా మొక్క నాటినట్టు నేనెప్పుడూ చూడలేదు, కనుక కర్రని పూర్తిగా వేశాను. 26 టన్నులని 36 వేలకి పంచితే మంచి ఇటుక ఒక్కింటికి దాదాపు 725 గ్రాములు.

ఇటుక బరువేమో 2.8 కిలోలు. ప్రతి ఇటుకా తన బరువులో నాలుగో వంతు గాల్లోకి వదిలాకే ఇంటికి వెళుతోందన్నమాట.

నాన్నకి చెబితే, "ఏటిరా, ఇటికలమ్ముతావా, పొగమ్ముతావా?" అన్నాడు. తిత్లీ తుపాను ఏడాది (2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటింది) పడిపోయిన జీడి, కొబ్బరి చెట్లతో ఊరూరా ఆవాలు కాలాయి, కర్ర దాదాపు ఊరికే దొరికేది. ఆ అలవాటు ఇంకా వదల్లేదు.

నవంబరు 19

ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి రెండు వారాలు పట్టింది. మట్టి ఇటుక కాల్చడం అలాగే ఉంచి, ఆవం బదులు జిగ్‌జాగ్ బట్టీ (వేడిగాలి ఇటుకల మధ్య వంకరటింకరగా తిరిగేలా కట్టేది) కట్టడం ఒక దారి. 2022 ఫిబ్రవరి 22న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషను చదివాను. పాత బట్టీలు జిగ్‌జాగ్‌కో, నిలువు బట్టీకో, గ్యాసుకో మారాలి, గొట్టంలోంచి వచ్చే ధూళి ఘనపు మీటరుకి 250 మిల్లీగ్రాములు మించకూడదు. మా ఆవానికి అసలు గొట్టమే లేదు. జిగ్‌జాగ్‌తో బొగ్గు సగానికి పడిపోతుంది, నిజమే. కానీ దానికి కావలసినంత స్థలమూ పెట్టుబడీ మాలాంటి చిన్న తావుకి లేవు.

రెండో దారి కాల్చని ఇటుక. ఫ్లై యాష్ (కరెంటు ప్లాంట్లలో బొగ్గు కాలాక మిగిలే సన్నటి బూడిద), సున్నం, జిప్సం కలిపి అచ్చొత్తి, నీళ్ళతో తడిపి గట్టిపరచడం. ఫాల్-జి అనే ఈ పద్ధతి పుట్టింది మనకి దగ్గర్లోనే, విశాఖపట్నంలో. భానుమతీదాస్, కాళిదాస్ గార్లు దాన్ని తయారుచేసి దేశమంతా తిప్పారు. పాతపట్నం వైపు అప్పటికే ఒకతను మూసేసిన యూనిట్ ఉంది. అతని పాన్ మిక్సర్‌నీ, హైడ్రాలిక్ ప్రెస్సునీ పాత ఇనుము ధర కంటే కొంచెం ఎక్కువిచ్చి కొన్నాను. ఎందుకు మూశావని అడిగితే "సున్నం" అని ఒకే మాటన్నాడు. అప్పుడు నాకది అర్థం కాలేదు.

నవంబరు 28

మిక్సర్ బిగించాం. గుండ్రటి ఇనప తొట్టి, అందులో తిరిగే రెండు బరువైన చక్రాలు. నాన్న చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "ఇది గానుగే కదరా" అన్నాడు. ఆయన చిన్నప్పుడు కోట మరమ్మతులకి ఎడ్లతో తిప్పి సున్నం నూరేవారట. దీనికి ఎడ్ల బదులు పది గుర్రాల మోటారు. అప్పటినుంచి మా తావులో పాన్ మిక్సర్ అనే పేరు పోయి గానుగే మిగిలింది. మా దగ్గర పనిచేసే ఒడియా కుర్రాళ్ళు కూడా గానుగే అంటున్నారు.

డిసెంబరు 3

బూడిద వచ్చింది, పరవాడ సింహాద్రి ప్లాంటు బూడిద. సుమారు రెండొందల కిలోమీటర్ల దూరం. ఇంత దూరం లారీలో తెచ్చి కార్బన్ తగ్గిస్తానంటావా అని బావ ఎగతాళి చేశాడు. కూచుని లెక్కేశాం. రానూపోనూ వంద లీటర్ల డీజిలు, లీటరుకి 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్, లోడు 22 టన్నులు. టన్నుకి పన్నెండు కిలోలు. ఇటుకలో బూడిద 1.8 కిలోలు. అంటే ఒక్కో ఇటుకకి పాతిక గ్రాములు కూడా రాదు. డబ్బు లెక్కలో కిరాయి పెద్దదే గానీ కార్బన్ లెక్కలో దూరం చిన్నది.

బూడిద పుట్టడానికి కాలిన బొగ్గు ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఇంకో తగువు. కరెంటు వాడినవాళ్ళ ఖాతాలో అని నేనూ, నువ్వు కూడా కరెంటు వాడతావు కదా అని బావా. దాన్ని అక్కడే వదిలేశాం.

డిసెంబరు 9

మొదటి వాయ. బూడిద 60 పాళ్ళు, క్రషర్ డస్టు 20, సున్నం 15, జిప్సం 5. సున్నం స్థానికంగా ఒక కొట్లో బస్తాల్లో దొరికింది. పన్నెండొందల ఇటుక వచ్చింది, తొమ్మిదంగుళాలది, 230, 110, 75 మిల్లీమీటర్లు. చూడ్డానికి అందంగా ఉన్నాయి, పలకల్లా అంచులు తేలాయి. అమ్మ ఒకటి పట్టుకెళ్ళి తులసికోట దగ్గర పెట్టింది.

డిసెంబరు 24

పదిహేను రోజులు తడిపాక కూడా గోరుతో గీస్తే రాలుతున్నాయి. తులసికోట దగ్గరిది మంచుకి నాని మూల ఊడింది. అమ్మ ఏమీ అనకుండా దాన్ని తీసి అవతల పారేసింది. అదే నాకు ఎక్కువగా తగిలింది.

జనవరి 7

28 రోజులకి ఇంజినీరింగు కాలేజీ ల్యాబులో నలిపి చూశారు. 53 కిలోన్యూటన్లకే పగిలింది. చదరపు మిల్లీమీటరుకి 2.1 న్యూటన్లు. ఇలాంటి బూడిద ఇటుకల ప్రమాణం ఐఎస్ 12894 ప్రకారం తక్కువలో తక్కువ 3.5 ఉండాలి. పన్నెండొందలూ దండగ. చెదిరిన ముక్కల్ని బాటకి పోశాం.

కారణం కోసం వెతికి వెతికి చివరికి సున్నం బస్తా విప్పాను. బావ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాడు. చిటికెడు సున్నం మీద ఆసిడ్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. మంచి సున్నం అంతగా పొంగదు, పొంగిందంటే అది తిరిగి సున్నపురాయి అయిపోయిందని అర్థం. వానాకాలమంతా తెరిచి ఉన్న బస్తాలో గాలి తగిలి, అందులోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేసింది. గోడకి వెల్ల వేస్తే గట్టిపడేది కూడా ఈ పనివల్లే. గోడ మీద జరగాల్సింది బస్తాలోనే జరిగిపోయింది. పంచదార నీళ్ళలో కలిపి ఆసిడ్‌తో కొలిస్తే పనికొచ్చే సున్నం సగానికి కాస్త పైన, అంతే. మూసేసిన యూనిట్ వాడు అన్న ఒక్కమాట అప్పుడు గుర్తొచ్చింది.

జనవరి 10

ఈ రాత్రి నిద్రపట్టలేదు. సున్నం పాతదవడం ఒక్కటే కాదు, నా లెక్కలోనే పెద్ద కన్నం ఉంది.

కాల్చని ఇటుక అంటే ఉద్గారాలు సున్నా అని మిషను అమ్మేవాళ్ళ కరపత్రంలో ఉంది. నేనూ అదే నమ్మాను. కానీ ఇటుక మనం కాల్చకపోతే ఏం, సున్నం ఎక్కడో ఎవరో కాల్చాలి కదా. వంద కిలోల శుద్ధమైన సున్నపురాయి కాలిస్తే 56 కిలోల రాతిసున్నం (ఇంకా నీళ్ళతో విరపనిది) మిగులుతుంది, 44 కిలోలు గ్యాసుగా పోతుంది. ఇది పొయ్యి మంచిదా చెడ్డదా అన్నదానితో సంబంధం లేనిది, రాయిలో ఉన్న కార్బన్. అంటే కిలో రాతిసున్నానికి 786 గ్రాములు రాయి నుంచే. పైన బొగ్గు ఖర్చుకి చిన్న బట్టీల లెక్కన అరకిలో వేసుకుంటే మొత్తం 1.3 కిలోలు.

నా ఇటుక 3 కిలోలు. పదిహేను పాళ్ళంటే 450 గ్రాముల విరిసిన సున్నం, అందులో రాతిసున్నం 340 గ్రాములు. దానికి 440 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. ఆవం ఇటుక 725, నాది 440. తగ్గిందా అంటే తగ్గింది. ఇన్ని తిప్పలు పడ్డాక ఇంతేనా అనిపించింది.

బూడిద, కరెంటు, లారీ అన్నీ కలిపి ముప్పై గ్రాములు దాటట్లేదు. మిగతాదంతా సున్నమే. ఇకనుంచి నా పని ఇటుకలు చెయ్యడం కాదు, సున్నం తగ్గించడం.

జనవరి 18

పిడుగురాళ్ళ నుంచి రాతిసున్నం తెప్పించాను. పెళ్ళలు పెళ్ళలుగా, మూత బిగించిన డ్రమ్ముల్లో. దూరం ఆరొందల కిలోమీటర్లకి పైనే, కానీ పాతిక గ్రాముల పాఠం నేర్చుకున్నాను కనుక భయపడలేదు. తొట్టిలో నీళ్ళు పోసి పెళ్ళలు వేస్తే కుతకుతా ఉడికింది. ఎలా విరపాలో నాన్నకి తెలుసు: నీళ్ళలో సున్నం వెయ్యాలి తప్ప సున్నం మీద నీళ్ళు పొయ్యకూడదు, మొహం పక్కకి తిప్పుకోవాలి. "రెండ్రోజులు అలగొదిలెయ్, జల్లెడ పట్టకుండా ముట్టుకోకు" అన్నాడు.

నేను ఒక్కరోజే ఆగాను. ఆర్డరు తొందరేం లేదు, నా తొందరే. వారానికి ఇటుకల మీద ముత్యాలంత గుంటలు పడ్డాయి. మరీ కాలిన పెళ్ళలు లోపల ఆలస్యంగా విరిగి, ఉబ్బి, పైపొరని పేల్చాయి. నాన్న ఒక్కమాట అనలేదు. జల్లెడ తెచ్చి నా మంచం కాళ్ళ దగ్గర పెట్టాడు.

ఫిబ్రవరి 20

జల్లెడ పట్టిన సున్నంతో వేసిన వాయ 28 రోజులకి 7.4 న్యూటన్లు వచ్చింది. 187 కిలోన్యూటన్ల దాకా పగల్లేదు. ల్యాబు అబ్బాయి మిషను తప్పేమో అని రెండోది కూడా పెట్టాడు. ఆ సంతోషంలోనే గమనించాను: నాకు 7.4 అక్కర్లేదు. మా ఊళ్ళో కట్టేవి ఒకటి రెండంతస్తుల ఇళ్ళు, 5 చాలు. అంటే సున్నం ఎక్కువైందని అర్థం.

మార్చి 2

పది పాళ్ళ వాయ, ఏడు పాళ్ళ వాయ, రెండూ వేశాం. సున్నం తగ్గిస్తే గట్టిపడడం నెమ్మదిస్తుంది. బూడిదకీ సున్నానికీ మధ్య జరిగేది నిప్పుతో పని కాదు, నీళ్ళలో మెల్లగా అతుక్కోవడం. చలికాలంలో మరీ మెల్లగా. జిప్సం తొలిపట్టు ఇస్తుంది గానీ మాది ఎరువుల ఫ్యాక్టరీ జిప్సం, అందులో మిగిలిన ఆసిడ్ కొంత వెనక్కి లాగుతోంది. ఎండబెట్టి కాస్త సున్నపు నీళ్ళతో కడిగితే ఆ బాధ పోయింది.

వేడి పెంచాలి, కానీ కాల్చకూడదు. మా ఒడియా కుర్రాడొకడు ధాన్యం మీద కప్పే నల్ల టార్పాలిన్ తెచ్చి, తడి ఇటుకల దొంతి మీద కప్పేశాడు. నీళ్ళు తొందరగా ఆరిపోకుండా అని అతని ఉద్దేశం. మధ్యాహ్నం లోపల చెయ్యి పెడితే ఆవిరిపట్టినట్టుంది. థర్మామీటరు దోపి చూశాను, 58 డిగ్రీలు. ఫాల్గుణంలోనే ఇంత వేడి ఉంటే చైత్రంలో ఇంకెంత ఉంటుందో.

మార్చి 24

టార్పాలిన్ కింద మగ్గిన పది పాళ్ళ ఇటుక, మూడు వారాలకే 6.8. ఏడు పాళ్ళది 3.9. రూలు ప్రకారం ఏడు పాళ్ళది కూడా పాసే. కానీ ఒక బస్తా సున్నం కాస్త పాతదైతే ఆ వాయంతా 3.5 కిందికి పడిపోతుంది. ఎవరి ఇంట్లోనో గోడ నా ఆశ మీద నిలబడకూడదు. పది పాళ్ళకి ఖాయం చేశాను. ఇటుకకి సున్నం వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ 440 నుంచి 295 గ్రాములకి దిగింది. అందులో కొంత నల్ల టార్పాలిన్ కింద ఎండ చేసిన పని.

ఏప్రిల్ 5

కార్బైడ్ సున్నం. ఇది ఇంత ఆలస్యంగా తెలియడం నా తెలివితక్కువ. వెల్డింగు గ్యాసు తయారుచేసేచోట కాల్షియం కార్బైడ్‌ని నీళ్ళలో వేస్తే ఎసిటిలీన్ పైకి పోయి, అడుగున విరిసిన సున్నం బురదగా మిగులుతుంది. వాళ్ళకది పారబోసే సరుకు. దాని కార్బన్ అప్పుడెప్పుడో కార్బైడ్ చేసినప్పుడే పోయింది, మళ్ళీ నా కోసం రాయి కాల్చక్కర్లేదు. బూడిద దగ్గర చేసిన వాదనే ఇక్కడా వాడుకుంటున్నానని బావ గుర్తుచేశాడు. ఒప్పుకున్నాను.

వాసన మాత్రం భరించలేం, కుళ్ళిన వెల్లుల్లి. నాలుగు రోజులు ఆరబెట్టాకే తగ్గింది. సగం పిడుగురాళ్ళ సున్నం, సగం ఇది కలిపి వాయ వేశాం.

ఏప్రిల్ 27

సగంసగం వాయ 5.6. 142 కిలోన్యూటన్లు. ఇటుకకి సున్నపు కార్బన్ డయాక్సైడ్ 150 గ్రాములు, లారీలూ కరెంటూ 30. మొత్తం 180. నవంబరులో 725.

ఈ అంకె గోడ మీద బొగ్గుతో రాశాను. బొగ్గు ఇక ఇంతకే పనికొస్తుందని బావ నవ్వాడు.

మే 4

పాతపట్నం నుంచి మేస్త్రి మావయ్య వచ్చాడు, మూడు వేల ఇటుక పట్టుకెళ్ళి ఒక గది గోడలు లేపాడు. సాయంత్రం వచ్చి కూచున్నాడు.

"అల్లుడూ, నీ ఇటిక నీళ్ళు తాగదు. మాలు జారిపోతంది."

"ఎంతసేపు నానబెట్టావు మావయ్యా?"

"ఎర్రిటికలాగే, రాత్రంతా."

అదే పొరపాటు. దీన్ని అంత నానబెట్టకూడదు, కట్టేముందు తడి చేతితో తుడిచినట్టు చిలకరిస్తే చాలు. ఇంకో గోడ అలా కట్టాడు. ఈసారి జారలేదు. పోతూ పోతూ ఇంకోమాట అన్నాడు, దాంతోనే నా తరువాతి పని మొదలైంది: "అంచులు సమంగా ఉన్నాయి, మాలు తక్కువ పట్టింది. సిమెంటు మిగిలింది."

సిమెంటు! గోడలో ఒక్కో ఇటుక చుట్టూ ఎంత సిమెంటు ఉంటుందో లెక్కేశాను. ఒక పాలు సిమెంటుకి ఆరు పాళ్ళు ఇసుక కలిపిన మాలుతో 150 గ్రాములు. బూడిద కలిసిన సిమెంటు (పీపీసీ) అయినా 90 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. నా ఇటుక 725 ఉన్నప్పుడు ఇది కంటికి ఆనేది కాదు. 180 పక్కన నిలబెడితే సగం ఇటుకంత.

మే 11

సిమెంటులో కార్బన్ ఎందుకంటే అక్కడా సున్నపురాయే. దాన్ని మట్టితో కలిపి 1450 డిగ్రీల దగ్గర కాలిస్తే వచ్చే గట్టి ఉండలే క్లింకర్, దాన్ని నూరితే సిమెంటు. ఈమధ్య ఎల్‌సీ3 అనే సిమెంటు వచ్చింది. స్విట్జర్లాండులో కారెన్ స్క్రివెనర్ బృందం, మన ఐఐటీలు, క్యూబా వాళ్ళు కలిసి చేసిన పని. క్లింకర్ సగానికి తగ్గించి, 700 - 850 డిగ్రీల్లో కాల్చిన బంకమట్టి 30 పాళ్ళు, కాల్చని సున్నపురాయి పొడి 15, జిప్సం 5 కలుపుతారు. కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. ఐఎస్ 18189 పేరుతో 2023లో మనకి ప్రమాణం కూడా వచ్చింది. మా ఊరి కొట్లో అడిగితే అలాంటి బ్రాండు లేదన్నాడు.

రాత్రి అన్నాల దగ్గర ఇది చెబుతుంటే నాన్న ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు. "కాల్చిన మట్టి నూరి సున్నంలో కలపడమా? అది సుర్కీ కదరా."

నిజమే. ఇటుక పొడి, సున్నం కలిపి గానుగ పట్టి పాత ఇళ్ళన్నీ కట్టారు. సుర్కీకి బాగా కాలిన ఇటుక పనికిరాదట, సగం కాలిందే కావాలి. బాగా కాలితే మట్టి గాజులా బిగిసి సున్నాన్ని పట్టదు. ఆవం అంచుల్లో తగిన వేడి తగలక మిగిలిపోయే ముక్కలే సరిగ్గా ఆ డిగ్రీల దగ్గర కాలినవి. మా తావు వెనక అలాంటివి ఏళ్ళ తరబడి కుప్పపడి ఉన్నాయి. మా మట్టి ఎల్‌సీ3కి వాడే తెల్లమట్టి లాంటిది కాదు, బలం అంత రాకపోవచ్చు. గోడ మాలుకి అంత బలం అక్కర్లేదు కూడా.

మే 15

సగం కాలిన ముక్కలు గానుగలో వేసి నూరాం. ఎర్రటి ధూళి, అందరి మీసాలూ ఎర్రబడ్డాయి. కార్బైడ్ సున్నం ఒక పాలు, సుర్కీ రెండు, ఇసుక మూడు. ఇంకో రకంలో అదే మాలుకి కాస్త సిమెంటు తగిలించాం, తొలిపట్టు కోసం. ఏడు సెంటీమీటర్ల ఘనాలు రకానికి ఆరేసి పోసి గోనెసంచుల కింద పెట్టాను. వేలితో నొక్కితే దిగబడుతోంది, సిమెంటు లేనిది రెండో రోజు కూడా.

మే 22

వారానికి ఒక్కో ఘనం నలిపాం. సిమెంటు తగిలించింది 1.4, లేనిది 0.5. ల్యాబు అబ్బాయి పెదవి విరిచాడు. మేస్త్రి మావయ్య విరవలేదు: "సున్నం కదా అల్లుడూ, దానికి తొందరుండదు. అయితే ఒక్కరోజులో నాలుగు వరసల కంటే లేపను." జూన్ 12కి 28 రోజులు. అప్పటికి వానలు దిగితే ల్యాబుకి మట్టి రోడ్డు మీద మోసుకెళ్ళడమే కష్టం, ముందురోజే పట్టుకెళ్ళి అక్కడ పెట్టాలి.

ఈ ఏడు ఆవం పేర్చలేదు. అచ్చులేసేవాళ్ళలో ముగ్గురు గానుగ మీదికి వచ్చారు. ఒకతను మాత్రం అవతలి తావుకి వెళ్ళిపోయాడు, మట్టి పని వేరు, ఈ బూడిద పని వేరు అన్నాడు. ఆపలేకపోయాను.

ఇవాళ సాయంత్రం రోడ్డు గుంతలు పూడ్చుకోడానికి సగం కాలిన ముక్కలు కావాలని ట్రాక్టరతను వచ్చాడు. ఏటేటా ఆ కుప్పలోంచి ఊరికే పట్టుకెళ్ళేవాడే. నాన్న ముక్కలు లేవన్నాడు. కుప్ప ఆయన వెనకాలే ఉంది.